బొట్టు తీసేయమన్నదెవరు?

మా అమ్మాయికి మెడిసిన్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ కబురు చెప్పగానే ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో మనవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఎలా ప్రిపేరవుతోంది?" కాదు. "ఏం వేసుకెళ్తోంది?"

ఆదివారం భోజనాల దగ్గర ఒక పెద్దాయన తేల్చేశారు. "మంచి నల్ల సూటు కొనండి, డబ్బులు చూసుకోకండి. ఇంకోటి.. ఆ ఒక్కరోజుకీ బొట్టు తీసేయమనండి. మనం వేరని కొట్టొచ్చినట్టు కనపడకూడదు కదా." అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నామీద నాకే ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

మన తరానికి ఈ బెడదే లేదు. ఎంసెట్‌లో ర్యాంకొస్తే చాలు, చిరిగిన చొక్కాతో కౌన్సెలింగుకి వెళ్ళినా సీటిచ్చేవారు. మనం "ఎలా కనపడాలి" అని మొదటిసారి వణికింది వీసా ఇంటర్వ్యూకి. పక్కింటాయన దగ్గర టై అరువు తెచ్చుకుని వెళ్ళిన బాపతు నేను. టై తిరిగిచ్చేశాను గానీ ఆ వణుకు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని పిల్లల మెడకి కడుతున్నాం.

సరే, ఈ ఊరి కథే ఒకటి చెప్తాను. 1978లో ఎడ్జ్‌బాస్టన్‌లోని పార్క్ గ్రోవ్ అనే ప్రైవేటు స్కూల్లో సీటు కోసం సేవా సింగ్ మాండ్లా అనే సొలిసిటర్ కొడుకుని తీసుకెళ్ళి హెడ్మాస్టరుని కలిశాడు. తలపాగా తీసి, జుట్టు కత్తిరించుకుంటే తప్ప సీటు లేదన్నారు. హెడ్మాస్టరు చెప్పిన కారణమేంటో తెలుసా? తలపాగా పిల్లల మధ్య తేడాలని ఎత్తి చూపిస్తుందట! మన పెద్దాయన మాటే, అక్షరం పొల్లుపోకుండా.

మాండ్లా కోర్టుకెళ్ళాడు. బర్మింగ్‌హామ్ కౌంటీ కోర్టులో ఓడిపోయాడు. అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ ముందూ ఓడిపోయాడు. చివరికి 1983 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచాడు. సిక్కులకి 1976 నాటి జాతి సంబంధాల చట్టం రక్షణ ఉందని తేలింది. అప్పటికి ఆ కుర్రాడు తలపాగాతోనే వేరే స్కూల్లో చదువుకుంటున్నాడు.

వాళ్ళని తీయమన్నారు, తీయలేదు. మనల్ని ఎవరూ అడక్కుండానే తీసేస్తున్నాం. అదీ తేడా.

నియమాలే వద్దని కాదు నా గొడవ. ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో 2008 నుంచీ మోచేతి కింద గాజులు, వాచీలు ఉండకూడదు. చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి అడ్డమని. కారణముంది, తీసేస్తాం. బొట్టుకి ఏ కారణముంది? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలే మీకు సౌకర్యంగా ఉన్న బట్టల్లో రమ్మంటుంటే, మనకి మనమే ఈ సిలబస్ ఎందుకు రాసుకుంటున్నాం?

"వివక్ష లేదంటావా?" అంటారు. ఎందుకు లేదూ, ఉంది. కానీ బొట్టు చూసి మార్కులు తగ్గించేవాడు పేరు చూసి తగ్గించడా? ఒంటి రంగు చూసి తగ్గించడా? అవెలా తుడుస్తారు?

మొన్న రాత్రి అమ్మాయి గదిలోకెళ్ళి, "బొట్టు సంగతి.." అని నసిగాను. అది పుస్తకంలోంచి తలెత్తి, "తీసేయమని కాలేజీవాళ్ళు అడిగారా నాన్నా, నువ్వడుగుతున్నావా?" అంది.

సమాధానం చెప్పలేక వచ్చేశాను.

సూటు కొనలేదు. సిక్స్త్ ఫారంకి రోజూ వేసుకెళ్ళే ప్యాంటూ చొక్కా ఉన్నాయి, ఇస్త్రీ నేను చేస్తానని చెప్పాను. బొట్టు పెట్టుకుంటుందో మానేస్తుందో దాని ఇష్టం. మానేస్తే, తన ఇష్టానికి మానేయాలి. నా వణుకు కోసం కాదు.

పెద్దాయనా, వింటున్నారా?