తిరగని బండి

మధ్యతరగతి ఇళ్ళలో కొన్ని వస్తువులు అమ్మటానికి చేతులు రావు. పెళ్ళినాటి బీరువా, నాన్నగారి పడకకుర్చీ, అమ్మగారి ఇత్తడి గంగాళం ఆ జాబితాలోవి. ఓ ఇరవయ్యేళ్ళుగా పెద్దబండి కూడా ఆ వరుసలో చేరింది. ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టాలూ, కారియరుమీద పెట్టెలూ, అన్నీ పట్టే బండి. చాలా ఇళ్ళలో దాని పేరు క్వాలిస్. టొయోటా వారు బెంగుళూరు దగ్గర బిడదిలో తయారుచేసి 2000లో అమ్మకానికి పెట్టారు. 2005లో దాన్ని మానేసి, దాని స్థానంలో ఇన్నోవాను తెచ్చారు. అంచేత ఇవాళ రోడ్డుమీద కనిపించే క్వాలిసుల్లో అన్నిటికంటె చిన్నదానిక్కూడా ఇరవై నిండాయన్నమాట. మనిషికైతే సంబంధాలు చూసే వయస్సు. బండికి మాత్రం కాశీకి పంపే వయస్సంటారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ మోటారు గొడవ ఎందుకని మీరడగవచ్చు. మా ఇంట్లో అలాంటి బండి ఒకటి వుంది గనక. నాన్నగారు 2003లో కొన్నారు. వారు పోయాక అది నా వంతుకు వచ్చింది. షెడ్డులో స్టూలుమీద కూర్చుని మేస్త్రీ చెప్పే మాటలు వినగా వినగా, ఛందస్సులో యతిస్థానం ఎక్కడుందో తెలిసినట్టే, ఈ బండి ఎక్కడ తడబడుతుందో కూడా కొంత తెలిసింది.

పాతబండి వున్న ప్రతి ఇంట్లోనూ నేను వినే మాట ఒకటుంది. "మా బండి ఎక్కడ తిరుగుతుందండీ? ఏడాదికి రెండువేల కిలోమీటర్లు. అరిగేదేముంది?" అని. చెప్పేవారి ముఖంలో కొంత గర్వం కూడా వుంటుంది, పిల్లవాణ్ణి ఎండ తగలకుండా పెంచినట్టు. నాకు ఈ మాటతోనే పేచీ. ఇనుము తిరిగితే అరుగుతుంది, నిజమే. కాని బండిలో ఇనుమొక్కటే లేదుగదా. రబ్బరుంది, నూనెలున్నాయి. రబ్బరు షెడ్డులో కూర్చున్నా ముసలిదవుతుంది. మీటరు తిరగకపోతే దాని వయస్సు ఆగదు.

పోయిన ఏడాది భద్రాచలం వెళ్ళాలనుకున్నాం. మా రాజమండ్రినుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా ఘాటు దిగి చింతూరు చేరి, అక్కణ్ణుంచి వెళ్ళటం. ఎనభై దాటిన మా అమ్మ, నేనూ, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా బావమరిదివాళ్ళు నలుగురు, మొత్తం తొమ్మిదిమంది. బయల్దేరటానికి రెండ్రోజుల ముందు బండిని షెడ్డుకి తీసుకుపోతానన్నాను. మా బావమరిది నవ్వాడు.

"దానికేమైంది బావగారూ? మొన్ననేగా ఇంజనాయిలు మార్పించారు. గుర్రంలా వుంది."

"గుర్రం పరుగెత్తటం సరే, ఆగాలి గదా" అన్నాను.

మేస్త్రీ బానెట్టు ఎత్తి, బ్రేకాయిలు డబ్బా మూత తీసి మా బావమరిదిని పిలిచాడు. లోపల వున్నది కాఫీ డికాషన్లా వుంది. కొత్తప్పుడు అది దాదాపు నీళ్ళలా తేటగా వుంటుంది. తరవాత చక్రం దగ్గర బ్రేకు గొట్టాన్ని వేళ్ళతో వంచి చూపించాడు. వంచిన చోట సన్నగా బీటలు. దూరంనించి చూస్తే నల్లగా, నిక్షేపంగా వున్న గొట్టమే.

"మాస్టారూ, ఊళ్ళో తిరిగితే ఇది ఇంకో ఏడాది లాగుతుంది. తొమ్మిదిమందితో ఘాటు దిగితే మాత్రం నేను పూచీ పడను" అన్నాడు.

ఎందుకు పూచీ పడనన్నాడో వివరంగా చెప్పాలి, చాలామందికి తెలియని సంగతి గనక. బ్రేకాయిలుకి గాలిలో తేమను పీల్చుకునే గుణం వుంది. ఉప్పుజాడీ మూత తీసిపెడితే ఉప్పు చెమ్మగిల్లదూ, అలాగ. డాట్ 3 అనే రకం కొత్తగా వున్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణమే 140కి దిగిపోతుంది. నిండుబండిని ఘాటులో మలుపు మలుపుకీ తొక్కి ఆపుతూ వస్తే బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. ఆ వేడి నూనెకి పాకుతుంది. నూనెలో తేమ ఆవిరై బుడగలు కడుతుంది. నూనెను నొక్కితే ఆ వొత్తిడి చక్రానికి చేరుతుంది. బుడగను నొక్కితే బుడగే అణుగుతుంది. తొక్కిన పెడలు మెత్తగా అడుగుదాకా పోతుంది, బండి ఆగదు. ఊళ్ళో మార్కెట్టుకీ గుడికీ తిరిగినన్నాళ్ళూ ఈ లోపం చచ్చినా కనిపించదు. సరిగ్గా లోయ పక్కనే కనిపిస్తుంది.

ప్రయాణం ఒకరోజు వాయిదా పడింది. అమ్మకి కోపం వచ్చింది, మంచిరోజు తప్పిపోయిందని. నాలుగు గొట్టాలూ, బ్రేకాయిలూ మార్పించి, ముందు డిస్కులకీ వెనక డ్రమ్ములకీ లైనింగు చూపించి బయల్దేరాం. ఘాటులో మా బావమరిదే నడిపాడు. ఎక్కటానికి ఏ గేరు కావాలో దిగటానికీ ఆ గేరే వెయ్యమన్నాను. వేశాడు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళనీ, ఇంజను ఆపేసి దిగేవాళ్ళనీ కూడా చూశాను. ఇంజను ఆగితే బ్రేకుకి సాయంపట్టే వాక్యూం పోతుంది. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పది రూపాయల డీజిలుకి పదిమంది ప్రాణాలు పణం పెట్టటం ఏ లెక్కల పుస్తకంలో వుందో నాకు తెలియదు. బ్రేకాయిలు మాత్రం బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్పించండి.

రెండోది టైమింగు బెల్టు. క్వాలిసు డీజిలు ఇంజను 2446 సి.సి.ది. పాతకాలపు మొండిఘటం, టర్బో వగైరా ఆర్భాటం లేదు. కొండ ఎక్కేటప్పుడు బద్ధకిస్తుంది. అది దాని స్వభావం, జబ్బు కాదు. అంత మొండి ఇంజనూ లోపల ఓ పళ్ళున్న రబ్బరు బెల్టుమీద ఆధారపడి వుంది. లక్ష కిలోమీటర్లకి దాన్ని మార్చాలని లెక్క. ఇక్కడే తిరగని బండివారు ధైర్యంగా వుంటారు. "మాది ఇంకా తొంభై వేలే" అంటారు. తొంభై వేలే, కాని ఇరవయ్యేళ్ళ తొంభై వేలు! మా వీధి చివర ఇంటివారి పెద్దబండికి ఇలాగే జరిగింది. పెళ్ళికి వెళుతూ తాడేపల్లిగూడెం దాటాక బెల్టు పుటుక్కున తెగింది. ముందుగా చప్పుడు లేదు, పొగ లేదు. బెల్టు తెగితే వాల్వులు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుకుంటాయి. మార్పించి వుంటే బెల్టు ఖర్చుతో పోయేది. చివరకి ఇంజను దింపవలసి వచ్చింది. మీ బండికి బెల్టు ఎప్పుడు మార్చారో తెలిపే కాగితం ఇంట్లో లేకపోతే, మార్చలేదనే అనుకోండి.

ఇక వేడి. ముల్లు పైకి పోతోందనగానే కొందరు మేస్త్రీలు "హెడ్డు గాస్కెట్టు పోయింది, విప్పాలి" అంటారు. విప్పుదురుగాని, ముందు చవకవన్నీ చూడమనండి. కూలెంటు తగ్గిందా, రేడియేటరు మూత రబ్బరు పోయిందా, ఫ్యాను బెల్టు వదులయిందా, రేడియేటరు జల్లెడలో పురుగులూ దుమ్మూ దట్టించుకున్నాయా? వాటి తరవాత థర్మోస్టాటు, వాటరు పంపు. గాస్కెట్టు అన్నిటికీ ఆఖరు. మన మేస్త్రీలకు మరో అలవాటుంది. "వేడి దేశానికి థర్మోస్టాటు దేనికండీ" అని పీకి అవతల పారేస్తారు. అది ఇంజనుని తగిన వేడిలో నిలిపే తలుపు. తీసేస్తే ఇంజను చలికాలం పొద్దున ఎంతకీ వేడెక్కదు, డీజిలు తాగుతుంది, లోపల మసి పడుతుంది. నా మట్టుకు నేను పీకనివ్వను. కుళాయినీళ్ళు పొయ్యటం కూడా అలాంటిదే. కాఫీగిన్నె అడుగున సున్నం పట్టినట్టు రేడియేటరు సన్నగొట్టాల్లో పేరుకుంటుంది.

దారిలో ముల్లు ఎగబాకితే ఏ.సి. ఆపండి. హీటరున్న బండయితే ఎండాకాలమైనా సరే దాన్ని పూర్తిగా పెట్టి, కిటికీలు దించండి. ఇంజను వేడి కొంత లోపలికి వస్తుంది, మీరు ఉడికినా ఇంజను బతుకుతుంది. తగ్గకపోతే పక్కకి తీసి ఆపెయ్యండి. మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు. గుడ్డ వేసి తీస్తే ఫరవాలేదనేవాళ్ళ మాట వినకండి, మరిగే నీళ్ళు గుడ్డని లెక్కచెయ్యవు. ఎర్రగా కాలిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగిలినా పగులుతుంది.

పొద్దున బండి కదలకపోవటం మరో ఫిర్యాదు. సెల్ఫు గట్టిగా తిప్పుతున్నా ఇంజను అందుకోక తెల్లపొగ వదులుతూ, ఆ తరవాత అందుకుని సర్దుకుంటే, గ్లో ప్లగ్గులు అనుమానించండి. ఈ తరహా పాత డీజిలు ఇంజనుకి చలిలో అవే నిప్పు రాజేసేవి. సెల్ఫే నీరసంగా తిప్పితే బ్యాటరీ. బ్యాటరీ బాగుండీ ఇంజను అందుకున్నట్టే అందుకుని ఆగిపోతే డీజిలు లైనులో గాలిపట్టి వుండవచ్చు. ఫిల్టరుమీద చేతిపంపు వుంటుంది, గట్టిపడేదాకా నొక్కండి. మళ్ళీ మళ్ళీ గాలి పడుతోందంటే ఎక్కడో ఓ పాత గొట్టం బీటలిచ్చిందన్నమాట, తిరిగి రబ్బరు దగ్గరకే వచ్చాం. ఫిల్టరు కింద మర వదులుచేసి అడుగున చేరిన నీళ్ళు అప్పుడప్పుడు వదలటం ఇంట్లో కాలేజీ చదువుతున్న అబ్బాయికి నేర్పండి. మా అమ్మాయి దివ్యంగా చేస్తుంది. నడిచేటప్పుడు నల్లపొగ వస్తే ముందు గాలి ఫిల్టరు దులపండి. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది, దానికి ఇంట్లో వైద్యం లేదు.

టైర్లకీ జాతకముంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2419 అని వుంటే 2019లో ఇరవైనాలుగో వారం పుట్టిందని అర్థం. గాడి లోతుగా వుందని మురిసిపోకుండా ఆ అంకెలు చూడండి. పదేళ్ళు దాటినదాన్ని, గాడి ఎంత వున్నా, నేను దూరప్రయాణానికి పెట్టను. అందరూ మరిచేది స్టెప్నీని. చాలా బళ్ళలో అన్నిటికంటె ముసలిది అదే. అవసరం వచ్చేది అర్ధరాత్రి, వానలో.

షెడ్డులో వుంచిన బండిని పదిహేను రోజులకోసారి బయటికి తియ్యండి. ఇంటిముందు పదినిమిషాలు గుర్రుమనిపించి ఆపితే లాభం లేదు. ముల్లు మామూలు చోటికి వచ్చేదాకా, ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. లేకపోతే బానెట్టు కింద ఎలుకలు కాపురం పెడతాయి. వైర్లు కొరకటంలో అవి ఎంత పట్టుదలగల ప్రాణులో మా మేస్త్రీని అడగండి.

ఇంతకీ అమ్మాలా, వుంచుకోవాలా? ఈ ప్రశ్నకి అందరూ ఇంజను చప్పుడు విని జవాబిస్తారు. నేనైతే బండిని పైకెత్తించి అడుగుభాగం చూడమంటాను. ఈ బండి లారీలాగా ఇనుపచట్రంమీద కట్టింది. ఇంజనుకి వైద్యముంది, విడిభాగాలూ దొరుకుతున్నాయి. చట్రం తుప్పుపట్టి స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగబడేట్టుంటే మాత్రం నాన్నగారి జ్ఞాపకమని కూర్చోవద్దు, తూకానికిచ్చెయ్యండి. చట్రం గట్టిగా వుంటే దండుగలేదు. సొంతబండికి పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్లో 600 రూపాయలనుంచి ఒక్కసారిగా 5000కి పెరిగింది. ఇప్పటి రుసుము ఎంతో కనుక్కుని దాన్నీ లెక్కలో వేసుకోండి. వెనక ఎదురెదురు బల్లలున్న బండయితే పిల్లల్ని అక్కడ పడేసి హైవే ఎక్కటం మానండి. పట్టుకోవటానికి బెల్టులుండవు.

మాది మొన్న పైకెత్తించి చూశాం. ఎడమపక్క వెనక కమాను కట్ట బిగించే చోట తుప్పు పొక్కులు రెండు కనిపించాయి. గీకించి, లోపల ఇనుము గట్టిగానే వుందని చూసుకుని రెడ్డాక్సైడు పూయించాం. మా పొడిగింపు 2028లో వస్తుంది. మేస్త్రీ ఆ చోట సుద్దముక్కతో సున్న చుట్టాడు, వానాకాలం వెళ్ళాక మళ్ళీ తెమ్మన్నాడు.