ట్రాలీ కొనేటప్పుడు రంగు కాదు, ఇరుసు చూడండి



పంట చేతికొచ్చి, పెట్టుబడి అప్పులు తీరి, నాలుగు డబ్బులు మిగిలిన ఏడు రైతు ఇంట్లో వచ్చే ఆలోచనల్లో ట్రాలీ ఒకటి. కొన్ని ఊళ్ళలో దీన్ని ట్రక్కు అంటారు. ట్రాక్టరు కొనేటప్పుడు పదిమందిని అడుగుతాం. ట్రాలీ దగ్గరకు వచ్చేసరికి పొడవెంత, ధరెంత, రంగు బాగుందా అని మూడు ప్రశ్నలతో ముగించేస్తాం. ట్రాక్టరు పెద్ద కర్మాగారంలో తయారవుతుంది. ట్రాలీ చాలావరకు దగ్గరి పట్నంలోని వెల్డింగు షెడ్డులో తయారవుతుంది. ఒకే పొడవు, ఒకే రంగు ఉన్న రెండు ట్రాలీలలో ఒకటి ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మరొకటి రెండో పంటకే వంగిపోతుంది. కాబట్టి మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.

బహు చౌకది కొంటే మిగిలిన డబ్బు మరమ్మతులకు పోతుంది. బహు ఖరీదైనది అయిదెకరాల రైతుకు అవసరం లేదు. మధ్యరకం ధరలో కొనేవారు ఒక్క సంగతి గమనించాలి: తయారు చేసినవాడు మన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాడు? పక్క రేకులమీద పూలు, పేర్లు, మెరిసే రంగులు కంటికి కనబడతాయి. బరువు మోసేవి మాత్రం కిందనున్న ఛానళ్ళు, ఇరుసు, చక్రాలు.

మొదటిది అడుగుచట్రం. కొత్తది చేయించుకుంటుంటే రంగు వేయకముందే వెళ్ళి చూడండి. వెల్డింగు ఒకే వరుసగా, తెగకుండా ఉండాలి. అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తే గతుకుల దారిలో అతుకు విడిపోతుంది. రంగు పడ్డాక అదేమీ కనబడదు. పాత ట్రాలీ అయితే కొక్కెం దగ్గర, ఇరుసు బిగించినచోట కొత్తగా రంగు పూసి ఉందేమో చూడండి. అక్కడ మాత్రమే రంగు కొత్తదైతే దాని కింద పగులు ఉండవచ్చు. రేకు గేజి అడిగేటప్పుడు అంకె పెద్దదని సంతోషపడకండి. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 14 గేజి రేకు కంటే 10 గేజి రేకే మందం.

రెండవ పరీక్షకు ఒక పురికొస దారం చాలు. చట్రం ఒక మూలనుండి ఎదురు మూలకు కొలవండి, మిగిలిన రెండు మూలల మధ్య కూడా కొలవండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. తరువాత ముందున్న కొక్కెం రంధ్రంనుండి ఇరుసు ఎడమ కొసకు, కుడి కొసకు కొలవండి. ఇక్కడ తేడా ఉంటే ట్రాలీ దారిలో వంకరగా వస్తుంది, టైర్లు ఒకవైపు అరిగిపోతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది.

మూడవది చక్రాలు. జాకీతో ఒక్కొక్క చక్రాన్ని నేలకు ఎత్తి చేతితో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగులు పోయినట్లే. చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపండి. కదలిక బాగా ఉంటే బేరింగు వదులుగా ఉందన్నమాట. కమాను పట్టీలలో విరిగినది ఉందేమో ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూడండి. వాటిని ఇరుసుకు పట్టే యూ బోల్టులు బిగువుగా ఉండాలి.

టైరుకు గీతలు లోతుగా ఉన్నాయని నమ్మవద్దు. పాత టైరుకు కొత్త పట్టా అతికించి అమ్మేవారున్నారు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2322 అని ఉంటే 2022వ సంవత్సరంలో 23వ వారం తయారైనదని అర్థం. ఎండలో నిలిచి పక్కలు బీటలువారిన టైరు నిండు బరువుమీద పగులుతుంది.

నాలుగవది కొక్కెం. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టరు కొక్కెంమీద మోపుతుంది. రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే మార్పించండి. పిన్నుకు అడ్డుపుల్ల, తోడుగా ఒక గొలుసు తప్పక ఉండాలి. ట్రాలీని ఎప్పుడూ కింది డ్రాబారుకే తగిలించాలి. ఇంకా పైన తగిలిస్తే గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కు తిరగబడే ప్రమాదముంది.

ఎత్తి దింపే ట్రాలీ అయితే ఖాళీ తొట్టిని పూర్తిగా పైకి లేపి పదిహేను నిమిషాలు అలాగే ఉంచండి. దానంతటది కిందికి జారుతుంటే గొట్టంలోనో వాల్వులోనో లోపముంది. లేపిన తొట్టి కిందికి, ఆనుడు కడ్డీ పెట్టకుండా, ఎవరినీ వెళ్ళనివ్వకండి.

కాగితాల సంగతి చాలామంది మరచిపోతారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను ఉండాలి. పాతది కొంటే చట్రంమీద చెక్కిన నంబరు, పుస్తకంలోని నంబరు ఒకటేనా అని సరిచూడండి. బీమా పత్రంలో ట్రాలీ నంబరు కూడా రాయించండి. వెనుక ఎర్రదీపాలు, మెరిసే పట్టీలు లేని ట్రాలీ చీకట్లో రోడ్డు పక్కన నిలిచి ఉంటే వెనుకనుండి వచ్చే మోటారు సైకిలువానికి కనబడదు.

ఇంత చూసి కొన్న ట్రాలీ కూడా సరుకు కోసం చేసిందే, మనుషుల కోసం కాదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర వ్యవసాయ కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. పొద్దున పనికి బయలుదేరినవారు సాయంత్రం ఇంటికి రాలేదు. ట్రాలీలో పట్టుకోవడానికి కుర్చీ లేదు, పైన కప్పు లేదు, చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు కూడా లేవు. బరువంతా ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. దిగుడులో వెనుక బరువు నెట్టితే డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. అయినా పెళ్ళికీ, ఆదివారం పొరుగూరి కూడికకూ, పండుగ సభలకూ పిల్లలతో సహా దానిలోనే ఎక్కిస్తాం. ఊరంతా అలాగే చేస్తుంది కదా అంటాం. మా సంఘాల్లో కూడా ఈ అలవాటు ఉంది. పెద్దలు కూర్చుని దీన్ని మాన్పించాలి.

కాబట్టి ఈ ఏడు ట్రాలీ లెక్క వేసుకునేవారు ధరతోపాటు ఇంకొక అంకె రాసుకోండి: కూలీలను చేనికి తీసుకురావడానికి, తిరిగి ఇంటి దగ్గర దింపడానికి అయ్యే ఆటో కిరాయి. రెండూ కలిపితే భారమనిపిస్తే, ఒక అడుగు పొట్టి ట్రాలీ కొనండి. లేదా మరొక పంట వరకు ఆగి, అంతవరకు పొరుగువారి ట్రాలీని కిరాయికి తెచ్చుకోండి. కొనడానికి వెళ్ళే రోజున ఊళ్ళో మెకానిక్కును ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ఒక జాకీ, ఒక దారం మరువకండి.