పులిహోర మనకే

పోయినేడు ఉగాదికి వచ్చిన బంధువులు మా కుక్క రాజుగాడికి ముద్దుగా పులిహోర, పాయసం పెట్టారు. వద్దనడానికి నాకు మొహమాటం. రాత్రికి వాంతులు. అజీర్తే కదా అని వాము నీళ్ళు పట్టబోయాను. తీరా చూస్తే మూత్రపిండాలు! రెండు రోజులు సెలైన్ ఎక్కిస్తే గాని దక్కలేదు.

"మన ఊళ్ళో కుక్కలు ఎంగిలి విస్తళ్ళు తిని బతకలేదుటే?" అన్నారు అత్తయ్యగారు. బతికినవే మన కంట పడ్డాయి, చచ్చినవాటి లెక్క ఎవరు రాశారు?

కిస్‌మిస్ కుక్కలకు విషమని ఎప్పటినుంచో తెలుసు. అందుకు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో ఇక్కడి అమెరికా పశువైద్యులు చెప్పారు. అదే ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంది. ఉల్లిపాయ సరేసరి, రక్తకణాలనే పాడుచేస్తుంది. అంతగా పెట్టాలనిపిస్తే ఉప్పూ కారం లేని ఉత్త అన్నం నాలుగు మెతుకులు చాలు.

ఈ ఉగాదికి రాజుగాడు పైగదిలో ఉంటాడు. ఎవరూ ఏమీ అనుకోకండి.