పంటి మీద పింగాణీ

పర్చూరు వైపు పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చే రోజులూ పెళ్లి ముహూర్తాలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. చీరలు, బంగారం, ఫొటోలు అయ్యాక ఈమధ్య ఇంకో ఖర్చు తోడైంది. ఒంగోలుకో గుంటూరుకో వెళ్లి ముందు పళ్లకు వెనీర్లు వేయించుకొస్తున్నారు. 'వీడియోలో అమ్మాయి నవ్వు బాగా పడాలి కదండీ' అంటాడు తండ్రి. గారపళ్ల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూసినవాళ్లు దీన్ని ఉత్త షోకు అని కొట్టిపారెయ్యలేరు.

ఆ గార ఈ ప్రాంతానికి కొత్త కాదు. పడమటి వైపున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, ఆ పల్లెల్ని చూసే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన నీళ్లు తాగుతూ పెరిగే పిల్లలకు చిగురు లోపల తయారవుతున్న పళ్ల ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను తెల్లమచ్చలతోనే బయటికొస్తుంది, గుల్లబారిన చోట తర్వాత గోధుమరంగు పట్టేస్తుంది. ఎంత తోమినా పోదు. పైన ముందు పళ్ల ఎనామిల్ అయిదేళ్లు నిండేలోపే దాదాపు తయారైపోతుంది కాబట్టి, పెళ్లికూతురి పళ్ల మీద కనిపించేది ఆమె పసితనంలో తాగిన నీళ్లే.

వెనీరంటే అర మిల్లీమీటరు అటూ ఇటూ మందంలో ఉండే పింగాణీ రేకు. హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు దీన్ని సినిమా తారల కోసం మొదలుపెట్టాడు. షూటింగ్ అయ్యాక ఊడదీసేవారు. 1955లో బ్యూనోకోర్ అనే పరిశోధకుడు యాసిడ్‌తో ఎనామిల్‌ను గరుకు చేసి అతికించవచ్చని చూపించాడు. 1980ల్లో పింగాణీ లోపలి వైపును హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేయడం వచ్చాకే అది పంటిని వదలకుండా పట్టుకుంది. పన్నును పాడుచేసిన ఫ్లోరిన్ ఇక్కడ మరమ్మతుకూ పనికొచ్చింది చూడండి! గారపన్ను మాత్రం యాసిడ్‌కు ఓ పట్టాన లొంగదు, పని తెలిసిన చెయ్యి కావాలి.

నా పేచీ వెనీరుతో కాదు, వరసతో. మచ్చ పైపైనే ఉంటే యాసిడ్ కలిసిన పేస్టుతో రుద్ది, బ్లీచింగ్ చేసి చూడవచ్చు. మచ్చలోకి రెజిన్ ఇంకించే పద్ధతీ ఉంది. వీటికి లొంగని పంటికే పింగాణీ. పెళ్లికి పది రోజులుందనగా వెళితే ఇవన్నీ చేసే తీరికెక్కడిది? మంచి పళ్లను కూడా కలిపి ముందు పళ్లు ఎనిమిదీ గీసేస్తారు. గీసిన ఎనామిల్ మళ్లీ మొలవదు. పింగాణీ పదీ పదిహేనేళ్లకు మార్చాల్సి రావచ్చు. పాతికేళ్ల పిల్లకు అది ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. పైగా చెరుకు కొరకడం, పళ్లతో దారం తెంపడం మానుకోవాలి. 'ఎంత గీస్తారు, గీయకుండా కుదరదా?' అని అడిగాకే కుర్చీలో కూర్చోవాలి.

అదే పెళ్లింట్లో పెళ్లికూతురి అక్క కూతురికి రెండేళ్లు నిండి ఉంటాయి, ఎనామిల్ ఇంకా తయారవుతున్న వయసు. దానికి ఏ బోరు నీళ్లు పడుతున్నారో ఎవరూ అడగరు. ఒక సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు పంపితే ఫ్లోరైడ్ ఎంతుందో తేలిపోతుంది. 'కాచే పోస్తున్నామండీ' అనుకుంటే లాభం లేదు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.