కొరతే ఆటకు ప్రాణం

స్ట్రాటజీ గేముల్లో అందరి కళ్లూ యుద్ధం మీదే ఉంటాయి. నన్నడిగితే గెలుపోటములు అంతకు చాలా ముందే, ఆహారం, కలప, బంగారం, రాయి లెక్కల దగ్గరే తేలిపోతాయి. 1999లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'ను జనం నేటికీ వదలకుండా ఆడుతున్నారంటే, ఆ లెక్కలు అల్లిన తీరే అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం.

మామూలుగా ఆట మొదట్లో మనకుండేది ముగ్గురు విలేజర్లు, 200 ఆహారం. కొత్త విలేజర్ రావాలంటే 50 ఆహారం, 25 సెకన్లు ఖర్చు. నలుగురు వచ్చేసరికి గాదె ఖాళీ. ఈలోగా చుట్టుపక్కల గొర్రెలను వెతికి తోలుకురావాలి. తర్వాతి యుగమైన ఫ్యూడల్‌కు వెళ్లాలంటే 500 ఆహారం కూడబెట్టాలి. అసలు మెలిక ఇక్కడుంది. విలేజర్లు పుట్టేదీ, యుగం మారేదీ ఒకే టౌన్ సెంటర్‌లో. యుగం మారే 130 సెకన్లూ అక్కడ కొత్త మనిషి పుట్టడు. ఐదుగురిని వదులుకుని ముందుకు దూకాలా, ఇంకాస్త బలగం పెంచుకుని కదలాలా? ఏది ఎంచుకున్నా రెండోది పోయినట్టే. ఇంత ఇరకాటాన్ని ఒక్క బటన్‌లో ఇమిడ్చిన డిజైనర్‌కు దండం పెట్టాలనిపిస్తుంది.

బంగారంది మరో కథ. పొలం మళ్లీ వేసుకోవచ్చు, గని అయిపోతే అయిపోయినట్టే. వర్తకమో, పవిత్ర అవశేషాలో ఆదుకోకపోతే బంగారం అడిగే నైట్లు కరువై, ఆహారం, కలపతో సరిపెట్టుకునే బల్లెంవాళ్లే మిగులుతారు.

2012లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లోనూ బంగారం, ఎలిక్సిర్ పేరుతో కొరత ఉంది. భవనం స్థాయి పెంచడానికి మొదట్లో నిమిషాలు చాలు, పోనుపోను రోజులు పడుతుంది. ఆ ఎదురుచూపును రత్నాలిచ్చి తప్పించుకోవచ్చు. రత్నాలేమో అసలు రూపాయలకు అమ్ముతారు. దాడిలో ఎవరిని ఎక్కడ దించాలన్న ఎత్తుగడ అందులోనూ ఉంది, కాదనను. కానీ బుర్రకు పదును పెట్టాల్సిన కొరత అక్కడ జేబు తడిమి చూస్తుంది. అమ్మానాన్నల ఫోన్‌లో ఆడే పదేళ్ల పిల్లాడి విషయంలో ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

కొనుక్కోవడమే తప్పని అనను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లోనూ బజారు ఉంది, బంగారమిచ్చి కలప తెచ్చుకోవచ్చు. అయితే కొన్నకొద్దీ ధర పెరుగుతుంది, అమ్మినకొద్దీ పడిపోతుంది. పైగా ఆ ధరే ఆటలో అందరికీ వర్తిస్తుంది. మీరు కలప కోసం ఎగబడితే, కలప నిల్వ ఉన్న ప్రత్యర్థి దాన్ని మంచి ధరకు అమ్ముకుని ఆ బంగారంతో నైట్లను దించుతాడు. హైదరాబాద్ స్టూడియోల్లో గేములు తయారుచేస్తున్న మన కుర్రాళ్లు రత్నాల దుకాణం తెరిచేముందు ఈ బజారును ఒకసారి విప్పి చూడాలి.