పేరు పోలితే ప్రాణం మీదికే

రెండు కంపెనీలు ఒకే పేరు కోసం కోర్టుకెక్కితే, అది వ్యాపారుల తగాదా అనుకుని ఊరుకుంటాం. సబ్బులు, బిస్కెట్ల విషయంలో అంతే కావచ్చు. మందుల విషయంలో మాత్రం కాదు.

గుజరాత్‌కు చెందిన కాడిలా సంస్థ 1990లలో రెండుగా చీలింది. ‘కాడిలా’ పేరును ఇద్దరూ ఉంచుకున్నారు. మెదడుకు సోకే మలేరియాకు కాడిలా హెల్త్‌కేర్ ‘ఫాల్సిగో’ను, కాడిలా ఫార్మాస్యూటికల్స్ ‘ఫాల్సిటాబ్’ను తెచ్చాయి. జబ్బు ఒకటే, పేర్లు దగ్గర. లోపలి మందులు మాత్రం వేరు: ఒకటి ఆర్టిసునేట్, మరొకటి మెఫ్లోక్విన్.

ఆసుపత్రులకే అమ్మే మందు కనుక, చదువుకున్న వైద్యులు పొరబడరన్న వాదన కింది కోర్టుల్లో నెగ్గింది. 2001 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. వైద్యులూ, ఫార్మసిస్టులూ పొరపాట్లకు అతీతులు కారని, ఇన్ని భాషలున్న, అక్షరాస్యత అంతంతమాత్రమైన దేశంలో మందుల పేర్లకు మరింత కఠినమైన కొలమానం ఉండాలని చెప్పింది. ఏదైనా పేరుతో మందు తయారీకి అనుమతించే ముందు ట్రేడ్‌మార్క్ కార్యాలయం నుంచి పరిశీలన నివేదిక కోరే విషయం ఆలోచించాలని ఔషధ నియంత్రణ అధికారులకు సూచించింది.

ప్రభుత్వం కదలడానికి 18 ఏళ్లు పట్టింది. 2019 నవంబరులో ఔషధ నియమాలను సవరించి, పేరు ఇతర మందుల పేర్లను పోలి లేదని దరఖాస్తుదారే హామీపత్రం ఇవ్వాలన్నారు. లేనిదానికంటే ఇది మేలే. కానీ, పోలిక వల్ల లాభపడే అవకాశం ఉన్నవాడి మాటే ఇక్కడ సాక్ష్యం! తయారీ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, ట్రేడ్‌మార్కు నమోదు చేసేది కేంద్రం. ఒక రాష్ట్రంలో అనుమతి పొందిన మందు దేశమంతా అమ్ముడవుతుంది. ఈ రెండు వ్యవస్థల నడుమ ఉన్న సందులోనే ప్రమాదం పొంచి ఉంది.

ట్రేడ్‌మార్కు దావాలో వాది ఒక కంపెనీ, ప్రతివాది మరో కంపెనీ. తప్పు మందు మింగే రోగి ఆ కాగితాల్లో ఎక్కడా కక్షిదారు కాడు. అతని పక్షాన నిలవాల్సింది ప్రభుత్వమే. మందుల పేర్లన్నిటికీ ఒకే జాతీయ జాబితా ఉండాలి. లైసెన్సు ఇచ్చే అధికారే దానితో సరిచూడాలి. పేరు ఇంగ్లిషులో ఎలా కనిపిస్తుందన్నదే కాదు, మన భాషల్లో ఎలా పలుకుతుందో కూడా పరిశీలించాలి. మందుల ధరలపై చట్టసభల్లో లేచే గొంతులు, వాటి పేర్లపై కూడా లేవాలి.