పాత విదేశీ నాణేనికి ఏ లెక్కన వెల కట్టాలి?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం కువైట్ వెళ్లొచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ సంపాదించిన సొమ్ము ఇక్కడ ఇళ్లయింది, పొలాలయింది, పిల్లల చదువులయింది. మారకుండా మిగిలింది చిల్లరే. తెరచాప ఓడ బొమ్మ ఉన్న ఫిల్సులు, ఎప్పుడో చేతికొచ్చిన ఇరాక్ దినారు నోటు, ఎలా వచ్చిందో గుర్తులేని వెండి బిళ్ల బీరువా అరలో పడి ఉంటాయి. వీటికి ఎంతొస్తుందన్న ప్రశ్న చిన్నదే గానీ జవాబు ఒక్కటి కాదు. జారీ చేసిన ప్రభుత్వం మాట ప్రకారం ఒక వెల, తూకం ప్రకారం ఒక వెల, సేకరించేవారి ఆసక్తిని బట్టి మరో వెల. వీటిలో ఏదో ఒకటే సరైనదని వాదించేవారున్నారు. ఏ వాదననూ తేలిగ్గా తీసిపారేయలేం.

ముందు అధికారిక మారకాన్నే చూద్దాం. ప్రభుత్వం డబ్బు మార్చినప్పుడు పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక లెక్క ప్రకటిస్తుంది. అది అందరికీ ఒకటే. 1961లో సొంత దినారు తెచ్చుకునేదాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. గల్ఫ్ కోసమే 1959లో రిజర్వు బ్యాంకు విడిగా నోట్లు కూడా జారీ చేసింది. మార్పు జరిగినప్పుడు 40 రూపాయలకు 3 దినార్లు లెక్క కట్టారు. జర్మనీ అయితే 1.95583 మార్కులకు ఒక యూరో చొప్పున పాత మార్కు నాణేలను సైతం గడువు లేకుండా తీసుకుంటోంది. బేరమాడటం రానివారికి, అరబ్బీ అంకెలు చదవలేనివారికి ఇది భద్రమైన దారి.

అయితే అన్ని దేశాలూ జర్మనీలా ఉండవు. ఫ్రాన్స్ ఫ్రాంకు నోట్ల గడువు 2012 ఫిబ్రవరితో ముగిసింది. కువైట్ అయిదో విడత నోట్లను అక్కడి కేంద్ర బ్యాంకులో మార్చుకునే గడువు 2025 ఏప్రిల్ 18తో తీరిపోయింది. ఇరాక్‌ది మరీ చిక్కు లెక్క. 2003 అక్టోబరు 15 నుంచి మూడు నెలల పాటు సద్దాం బొమ్మ నోట్లకు ఒకటికి ఒకటి చొప్పున కొత్త దినార్లు ఇచ్చారు. అంతకుముందు కాలపు, ‘స్విస్’ అని పిలిచే దినారుకు మాత్రం 150 ఇచ్చారు. పేరు ఒకటే, విలువలో తేడా నూట యాభై రెట్లు. మంచి ఉద్దేశంతో చేసిన మార్పు కూడా దూరాన ఉన్నవారిని దెబ్బతీయవచ్చు. ఇరాక్ దురాక్రమణలో దోపిడీకి గురైన నోట్లు చెల్లకూడదని కువైట్ 1991లో కొత్త నోట్లు తెచ్చి పాతవి రద్దు చేసింది. ఆ దేశానికి అది అవసరమే. కానీ కష్టపడి సంపాదించిన నోటు దాచుకుని, గడువులోగా మార్చుకోలేకపోయినవారు ఏ తప్పూ చేయకుండానే నష్టపోయినట్టు.

ఇవన్నీ చూసినవారు తూకాన్నే నమ్ముతారు. ప్రభుత్వాలు మారినా లోహం మారదన్నది వారి మాట. బ్రిటిష్ సావరిన్ బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్ల బంగారం. అరేబియాలో చాలాకాలం నడిచిన మరియా థెరీసా వెండి బిళ్ల దాదాపు 28 గ్రాములు, అందులో ఆరింట అయిదు వంతులు శుద్ధమైన వెండి. వీటిని ఆత్మకూరు బంగారం కొట్లో తూచినా తరుగు పోను ఎంతోకొంత కచ్చితంగా వస్తుంది. ఫిల్సులకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అవి రాగి, నికెల్ కలిసిన మామూలు లోహం.

తూకానికి ఉన్న అసలు లోపం మన జిల్లా చరిత్రలోనే కనిపిస్తుంది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, వాటి కింద ఒక కుండ, అందులో ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినాల పేర్లున్న రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి. కొన్నింటిని నవాబు కొడుకు సేకరించగా, మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటి గురించి రాసిపెట్టాడు. ఆ రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయనకు తెలిసిన వెల అదొక్కటే, ఆయన అవసరం ఆనాటిది. అయినా పోయింది తిరిగిరానిది.

చట్టం ఈ నష్టాన్ని ఆపాలని చూసింది. 1878 నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన సొత్తు గురించి కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించవచ్చు. చరిత్ర దక్కుతుంది, తగాదా తగ్గుతుంది. కానీ సేకర్తలు అంతకు ఎన్నో రెట్లు పెట్టే నాణేనికి ఆ ధర తక్కువే. పైగా కేసుల భయం ఉన్నచోట దొరికినవారు కలెక్టరాఫీసుకు కాక కంసాలి దగ్గరకే వెళ్లే ప్రమాదముంది.

మరి సేకర్తల ధరే అసలు వెల అందామా? అరుదైన నాణేనికి న్యాయం జరిగేది అక్కడే అన్నది నిజం. అయితే అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు. మెరుస్తుందని చింతపండు పెట్టి తోమితే ఆ ధరా పడిపోతుంది. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందు ఫీజు కట్టమని తన పేరు వాడుకుంటున్నవారి గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించాల్సి వచ్చింది.

కనుక ఒక్క లెక్కను పట్టుకోకుండా వరస పాటించడం మేలనిపిస్తుంది. మొదట నాణేన్ని గుర్తించాలి. కువైట్ నాణెంపై హిజ్రీ, క్రీస్తు శకం రెండు సంవత్సరాలూ ఉంటాయి. 1382 పక్కన 1962 కనబడవచ్చు. ఊళ్లో అరబ్బీ చదవగలవారు ఆ సాయం చేయగలరు. మారకపు గడువు ఉంటే ఆ లెక్కే ముందు. చలామణీలో ఉన్న వంద ఫిల్సుల బిళ్ల కోసం నెల్లూరుకు బస్సు చార్జీ పెట్టుకోవడం దండగ. ఇక్కడి మారకం కొట్లు సాధారణంగా నాణేలు తీసుకోవు కాబట్టి, కువైట్ వెళ్లే బంధువు చేతికిస్తే చాలు. విదేశీ నాణేలు ఇంట్లో ఉంచుకోవడానికి మన చట్టంలో పరిమితి లేదు, తొందరపడాల్సిన పనిలేదు. బంగారం, వెండి అయితే తూకం వెలను కనీస ధరగా పట్టుకోవాలి, అంతకు తక్కువకు ఇవ్వకూడదు. కరిగించే ముందు మాత్రం తెలిసినవారు ఒక్కరైనా దాన్ని చూడాలి. ముందుగా డబ్బడిగేవారికి దండం పెట్టాలి.

ఈ పద్ధతిలో కొందరికి రావలసినదానికన్నా కాస్త తక్కువే రావచ్చు. అవసరం తరుముకొస్తున్న ఇంట్లో ఆగమని చెప్పడం తేలిక కాదన్నదీ ఒప్పుకోవాలి. కానీ తక్కువకు అమ్మిన నాణెం ఇంకొకరి దగ్గరైనా ఉంటుంది. కరిగించినది ఎవరికీ ఉండదు. ఆ తేడా ఉన్నంతవరకు, కొంత సొమ్ము ఆలస్యమైనా ముందు అడిగి తెలుసుకునే దారే మంచిది.